కూలి లెక్కయు నేల మేలును

మన గోదావరి డెల్టాలో తానే దున్ని, తానే ఊడ్చి, తానే కోసికొను రైతు నేడు అరుదు. దమ్ము చేయునది కిరాయి ట్రాక్టరు. ఊడ్చునది ఆడువారి ముఠా. మందు కొట్టునది కూలివాడు. నీరు కట్టునది పాలేరు. కోయునది యంత్రము, దానిని నడుపువాడు ఏ పొరుగు జిల్లానుండియో వచ్చి, మూడవనాడు మరియొక యూరికి పోవువాడు. కావున పదియెకరముల భూస్వామియైనను, రెండెకరముల కౌలుదారైనను, పంటకాలములో కొన్ని దినములైనను యజమానిగా వ్యవహరింపక తప్పదు. పనివారిని కుదుర్చుట, పని చెప్పుట, కూలి ఇచ్చుట అను మూడును సేద్యములో భాగములే. విత్తనమును గూర్చియు ఎరువును గూర్చియు పాఠములు తరచుగా వచ్చుచుండును గాని, ఈ మూడింటిని గూర్చి రైతులు ముచ్చటించుకొనుట తక్కువ.

నేల చెడినప్పుడును, కాలువ మురికియైనప్పుడును మనము సాధారణముగా పనివానిని నిందింతుము. “పాలేరు రాత్రియంతయు బోదె తెరచి పోయినాడు”, “కూలివాడు మందు డబ్బా కాలువలో పారవేసినాడు”, “యంత్రమువాడు మోకాలెత్తు మోడు వదలినాడు” అను మాటలు ప్రతి రచ్చబండయొద్దను వినబడును. ఇవి నిజములే. కాని ఆ పాలేరునకు మనమేమి చెప్పితిమి? ఆ కూలివానికి కూలి ఏ లెక్కన కుదిర్చితిమి? ఆ యంత్రమువానితో బేరమాడునపుడు మోడును గూర్చి ఒక్కమాటయైన అంటిమా? మా అనుభవములో, పనివాడు చెడ్డవాడగుటచేత కలుగు నష్టము స్వల్పము. మనము దేనికి కూలి యిత్తుమో, దేనిని చూచి మెచ్చుకొందుమో, పని ఆ ప్రకారముగనే జరుగుచున్నది.

ముందుగా ఊడ్పుల సంగతి చూతము. ప్రతి రెండు మీటర్లకు ఇరువది సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు తీయవలెనని వ్యవసాయశాఖవారు చిరకాలముగా చెప్పుచున్నారు. బాటవలన గాలియు వెలుతురును కుదుళ్ళ మొదళ్ళకు చేరును. సుడిదోమ ఉధృతి తగ్గును. ఎరువు చల్లుటకును పురుగు చూచుటకును దారియుండును. ఈ మాట ఎరుగని రైతు డెల్టాలో లేడు. అయినను బాటలున్న చేలు కొన్నియే. కారణమేమి? ముఠాకు మనము యెకరమునకు ఇంతయని గుత్తకు ఇచ్చితిమి. ఎంత త్వరగా యెకరము ముగిసిన అంత లాభము వారికి. త్రాడు పట్టి బాట తీయుటకు ఇద్దరు మనుష్యులు నిలువవలెను. ఆ ఇద్దరి కూలి గుత్తలో లేదు. అట్లే సార్వాలో చదరపు మీటరునకు 33 కుదుళ్ళును, దాళ్వాలో 44 కుదుళ్ళును ఉండవలెనన్న లెక్కయు గుత్తపనిలో నిలువదు. గట్టు ప్రక్కన దగ్గరగాను, యజమాని కన్ను పోని నడిమడిలో దూరముగాను నాటబడును.

దీనికి మార్గము అరచుట కాదు. బాటలకు వేరుగా కూలి చెప్పుడు. అది యెకరమునకు ఇద్దరు మనుష్యుల పూట కూలికి మించదు. రెండు మీటర్లకొక ముడి వేసిన త్రాడును ముందుగనే మేస్త్రీ చేతికిచ్చి, బాటలు తీసినపిమ్మటనే ఆ మొత్తము ఇత్తునని అందరి ఎదుట చెప్పుడు. మేస్త్రీతో మాత్రమే చెప్పి ఊరకుండరాదు. మేస్త్రీ చెవిలో పడిన మాట వంగి నాటు చేతులదాకా పోవుట మేమెన్నడును చూడలేదు. బాట ఏల తీయుచున్నారో ఆ యాడువారికి తెలిసినచో మరుసటి చేనిలో వారే అడుగుదురు.

ఇక నీరు. 1847లో మొదలై 1852లో ధవళేశ్వరమువద్ద కాటను దొర ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున కట్టిన బరాజు 1982లో ముగిసినది. ఈ కట్టడముల వలన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు పది లక్షల యెకరములు సాగగుచున్నవి. ఇంజనీర్లు లెక్కలు వేసి నీటిని పంటకాలువ తూముదాకా తెత్తురు. తూము దాటినపిమ్మట ఆ నీటికి ఏలిక పాలేరు చేతి పార. 1997 నాటి చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. దాళ్వాలో నీరు చాలనపుడు వంతుల పట్టీ వేయుదురు. పట్టీ రైతునకు తెలియును. అర్ధరాత్రి గట్టుమీద నిలుచు పాలేరునకు దానిని చదివి చెప్పినవారెందరు?

పాలేరు ఏమి నేర్చుకొనునో మనము వేయు ప్రశ్నలే నిర్ణయించును. యజమాని గట్టుమీదికి వచ్చి, “ఏమోయ్, నీరు నిండుగా ఉన్నదా?” అని అడుగును. నిండుగా ఉన్న దినమున సంతోషించును; మడి ఆరిన దినమున కసరుకొనును. పదియేండ్లు ఈ ప్రశ్ననే విన్నవాడు ఎన్నడును మడి ఆరనీయడు. పైన మడి పొంగి మురుగుకాలువలో పడుచుండగా శివారు భూములవారు నారు ఎండి ఏడ్చుచుందురు. ఒక యెకరము మీద ఒక్క అంగుళము నీరు నిలిచిన అది లక్ష లీటర్లకు మించును. అక్కరలేని రెండంగుళములు ఒక పాలేరు నిలిపెనన్న, యెకరమునకు రెండు లక్షల లీటర్లు శివారునకు పోకుండ ఆగినవన్నమాట.

వరికి ఎల్లకాలము నీరు నిలువనక్కరలేదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు చూపినారు. ముప్పది సెంటీమీటర్ల పొడవైన ప్లాస్టికు గొట్టమును తీసికొని, క్రింది భాగమున చుట్టును చిల్లులు పొడిచి, ఆ భాగము నేలలో దిగునట్లు మడిలో పాతి, లోపలి మట్టిని తీసివేయవలెను. ఊడ్చిన రెండు వారములు పలుచగా నీరుంచి, అటుపిమ్మట గొట్టములో నీటిమట్టము నేలకు పదునైదు సెంటీమీటర్లు దిగినపుడు మరల అయిదు సెంటీమీటర్ల నీరు పెట్టవలెను. పూతకు వారము ముందునుండి వారము వెనుకదాకా మాత్రము ఆరనీయరాదు. దిగుబడి తగ్గకుండగనే నూటికి ముప్పది వంతులదాకా నీరు మిగులును. నిలువ నీటి మడిలో పుట్టి ఆకాశమును వేడిచేయు మీథేను అను వాయువును సగమువరకు తగ్గును. సముద్రపు దాపున చవుడు పైకి ఉబుకు నేలలలో ఈ పద్ధతి తగదు. వంతుల రోజులలో వంతు ననుసరింపవలసినదే. సార్వా వానలలో దీనితో పని తక్కువ. దాళ్వాకే ఇది ముఖ్యము.

పశ్చిమ డెల్టాలోని ఒక గ్రామమున ఒక రైతు ఈ గొట్టమును తాను పాతక పాలేరుచేతనే పాతించెను. చూచుటకు ఒక వెదురుపుల్లపై గాట్లు పెట్టుకొమ్మనెను. ఆ దినము మొదలుకొని ఆయన ప్రశ్న మారినది. “గొట్టములో ఎంత దిగినది?” అని మాత్రమే అడుగును. “ఆయ్, నిన్న నాలుగు వేళ్ళండి, ఇయ్యాల ఆరు వేళ్ళు దిగిందండి” అని అతడు చెప్పును. నెల తిరుగకమునుపే ఏ మడి త్వరగా ఆరునో, ఏ గట్టున ఎండ్రకాయ బొరియ పడి నీరు కారుచున్నదో ఆ పాలేరు తానుగా చెప్పసాగెను. బొరియలు ముందును ఉన్నవి, అడిగినవారు లేరు.

ఇందొక చిక్కు కలదు, దాచుట తగదు. ఇంజనుతో నీరు తోడు రైతునకు నీరు మిగిలిన నూనె మిగులును. అందులో కొంత పాలేరునకిచ్చుట సులభము. కాలువ నీరు వాడువానికి తీరువ యెకరము లెక్కనే కాని నీటి కొలతపై లేదు. మిగిల్చినందువలన అతని చేతికి పైసా రాదు. గుత్తకు నాటు ముఠా ఎట్లో, ఎకరము లెక్క తీరువ కట్టు రైతును అట్లే. ముఠాను తప్పుపట్టునప్పుడు మనము దీనిని గుర్తుంచుకొనుట మంచిది. ఈ చోట ఒక్కొక్క రైతువలన కాదు, నీటి సంఘమే పూనుకొనవలెను. శివారు మడి తడిసినదాకా పై తూముల పాలేర్లందరును వంతు పాటించిన యెడల, పంట చివర వారికి సంఘము తరపున ఏదేని బహుమానమిచ్చుట మేలు. పూర్వము కళ్ళములో చాకలికి, కుమ్మరికి, వడ్రంగికి మేర కొలుచు ఆచారముండెడిది. ఆ కాలపు వెట్టిని మేము మెచ్చుట లేదు గాని, పంట బాగుపడిన తనకును కొంత కలదన్న నమ్మకము మాత్రము ఆ కొలతలో ఉండెడిది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మందు కొట్టు పని. అనేక గ్రామములలో దీని కూలి ట్యాంకు లెక్కన ఉన్నది. ట్యాంకులెన్నియో కూలి అంత. మందు అవసరము లేదని చెప్పినచో అతనికి ఆ పూట కూలి లేదు. కావున ఆ మాట అతడెన్నడును చెప్పడు. సుడిదోమ కుదురు మొదట్లో కూర్చుండును. పాయలు తీసి మొదళ్ళు తడుపుట నిదానమైన పని. ట్యాంకు త్వరగా ఖాళీయగుటే లాభమైనవాడు పైపైన కొట్టి పోవును. దోమ చావదు, దానిని తిను సాలీళ్ళు చచ్చును. పదిదినములకు దోమ మునుపటికంటె మిన్నగా వచ్చును. అప్పుడు మరల ట్యాంకులు.

ట్యాంకు కూలి మాని దినకూలి యిండు. అంతకంటె ముఖ్యముగా, మందు కొట్టుటకే కాదు, చూచుటకును కూలి యిండు. వారమునకొక పూట ఒక మనిషి చేను నడిచి, అక్కడక్కడ ఇరువది కుదుళ్ళు తట్టి దోమలను లెక్కింపవలెను. పిలకదశలో కుదురునకు పది పదునైదు, పూతదశలో ఇరువది ఇరువదియైదు మించనిదే మందు వలదు. లెక్క తక్కువ వచ్చిన దినముననే ఆ మనిషికి కూలి సంతోషముగా ఇచ్చి పంపవలెను. ఆ కూలి ఒక మందుడబ్బా వెలలో కొంత మాత్రమే. మనవంటిదే మరియొక డెల్టా వియత్నాములో మెకాంగు నదికి కలదు. అక్కడి లాంగ్ అన్ మండలమున 1994లో, నాటిన మొదటి నలువది దినములు ఆకు తిను పురుగులకు మందు కొట్టనక్కరలేదను ఒక్క మాటను రేడియో నాటకములద్వారా చాటినారు. ఆ వయస్సులో చిరిగిన ఆకును పైరు తానే పూడ్చుకొనును. నమ్మనివారు తమ చేనిలో ఒక మూల మందు లేక విడిచి చూచుకొనిరి. కొలది కాలములో అక్కడ మందు కొట్టుటలు సుమారు సగమునకు తగ్గినవి. చిన్న మాట, అందరికి గుర్తుండు మాట, చేనిలో తామే సరిచూచుకొనగల మాట యగుటచే అది పనిచేసినది. మనమును పనివారికి పది నియమములు చెప్పుటకంటె ఒక్కటి చెప్పి దానిని నిలబెట్టుట మంచిది.

ఇక డబ్బాల సంగతి. మన గ్రామములలో అనేకముల మంచినీటి చెరువులు కాలువనీటితోనే నిండును. వేసవిలో కాలువలు కట్టుటకు ముందు వాటిని నింపుకొనుట అందరెరిగినదే. పొలము దాపున బోదెలో కడిగిన డబ్బా నీరు క్రింది గ్రామమువారి బిందెలోనికి చేరుటకు అడ్డమేమియు లేదు. మన బోదె ఒక గ్రామమునకు ఎగువయైన, మరియొక గ్రామపు బోదె మనకు ఎగువ. డబ్బాను మూడుమారులు కడిగి, ఆ కడుగునీటిని ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి, ఇండ్లకును నీటికిని దూరముగా పూడ్చవలెను. కాలువలో పారవేయరాదు, ఇంటికి కొనిపోయి నూనె పోసికొనుట అంతకన్న కీడు. 1971 నాటి పురుగుమందుల నియమావళియు వాడిన డబ్బాలను మరల వాడనీయక పగులగొట్టి పూడ్చుమనియే చెప్పుచున్నది. మందు కొట్టువారికి తగిన రక్షణ దుస్తులుండవలెననియు చెప్పుచున్నది. చదువురానివానికి డబ్బాపై రంగు గుర్తు నేర్పుడు: ఎరుపు అత్యంత విషము, పసుపు దాని తరువాతది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. నేర్పుటకు అయిదు నిమిషములు చాలును.

ఇక్కడ మేము గమనించిన దొకటి కలదు. ముసుగు, చేతితొడుగులు, సబ్బు, రెండు బిందెల శుభ్రమైన నీరు గట్టుమీద సిద్ధముగా ఉంచు రైతు చేనిలో డబ్బాలు కాలువలో పడుట తక్కువ. తన ఒడలిని యజమాని లెక్కచేయుచున్నాడని కనిపెట్టినవాడు యజమాని చెప్పిన కాలువను లెక్కచేయును. ఎండలో నోరెండి, ఒళ్ళు మండుచు, చేతులు కడుగుకొన నీరు లేనివానితో “కాలువ పవిత్రము” అని చెప్పుటకు మనకు నోరెట్లు వచ్చును?

మోడు విషయము క్లుప్తముగా చెప్పుదుము. ఒక టన్ను వరిగడ్డిలో అయిదునుండి ఎనిమిది కిలోల నత్రజనియు, పండ్రెండునుండి పదునేడు కిలోల పొటాషియమును కలవు. యెకరమునకు రెండు టన్నుల గడ్డి కాల్చినచో నత్రజని దాదాపు అంతయు పొగయై పోవును; అది 45 కిలోల యూరియా బస్తాలో సగమునకు తక్కువ కాదు. కాల్చువాడు కూలివాడు కావచ్చును గాని, కాల్చక తప్పని స్థితి యంత్రపు కిరాయి బేరములోనే పుట్టినది. ఎత్తుగా కోసిన త్వరగా ముగియునని ఇరువురమును సమ్మతించితిమి. పంజాబులో 2018లో గడ్డిని ముక్కలు చేసి చల్లు పరికరము లేని కోత యంత్రములు నడువరాదని కాలుష్య నియంత్రణ మండలివారు ఆజ్ఞ చేసిరి. ఆజ్ఞలేకున్నను మన గ్రామ రైతులందరు కలిసి బేరమాడిన, మోడు జానెడు మించరాదు, గడ్డి ఒకచోట కుప్పపడక చేనంతట పరువవలెను అను రెండు షరతులు పెట్టవచ్చును. ఒక్క రైతు అడిగిన యంత్రము ప్రక్క చేనికి పోవును. నూరెకరముల వారు కలిసి అడిగిన నిలుచును. సార్వా కోతకును దాళ్వా నాటుకును మధ్య గడ్డి మురుగుటకు కాలము చాలదనుట నిజమే. అట్టిచోట కట్టలు కట్టించి పశువులకమ్ముట మేలు; దాళ్వా గడ్డిని మాత్రము తొలి తడిలో కలియదున్ని రెండు మూడు వారములు మురుగనిండు.

పట్టణములలోని కర్మాగారములవారికి ఈ ప్రశ్న మనకంటె ముందే ఎదురైనది. 1996లో ప్రకటింపబడిన ఐ.ఎస్.ఓ. 14001 అను అంతర్జాతీయ ప్రమాణము, ప్రతి పనివానికి తన పనివలన గాలికి, నీటికి ఏమి కీడు కలుగగలదో తెలిపి తీరవలెనని కోరుచున్నది. గోడలమీద వ్రాతలు వ్రాసినంతమాత్రమున ఇది జరుగదు. దొర తానే నీటి కొళాయి కట్టక పోవుచున్నయెడల వ్రాతను ఎవ్వరును చదువరు. మన చేలలోను అంతే. ఖాళీ యూరియా సంచిని, గుళికల పొట్లమును గట్టుమీద విసరివైచి పోవు రైతు, పాలేరును డబ్బా పూడ్చుమని చెప్పుట వ్యర్థము.

ఈ న్యాయము మన సహకార సంఘములకును వర్తించును. ఎరువుల కొట్టు గుమాస్తా సామర్థ్యమును అమ్మిన బస్తాల సంఖ్యతో కొలుచు సంఘములు కలవు. 1982లో మారుటేరు పరిశోధన కేంద్రమునుండి వచ్చిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, తక్కువ నత్రజనితోనే బాగుగా పండు రకము. దానికి బస్తా మీద బస్తా వేసిన దోమకు విందు పెట్టినట్లు. అట్టి రకము వేసిన సభ్యునితో “ఒక బస్తా తగ్గించుకొనుడు” అని చెప్పిన గుమాస్తాను సంఘము మెచ్చుకొనునా, అమ్మకము తగ్గెనని తప్పుపట్టునా? సర్వసభ్య సమావేశమున అడుగదగిన ప్రశ్న ఇది.

కౌలు సంగతియు ఇందులోనిదే. పదునొకండు నెలల కౌలుకు భూమి తీసికొన్నవాడు పచ్చిరొట్ట వేసి, గడ్డి కలియదున్ని, మూడవయేటికి ఫలించు పనిని ఎవరికొరకు చేయును? మరుసటి యేడు ఆ చేను తనకు దక్కునో లేదో అతనికి తెలియదు. పాలేరును గూర్చి మేము పైన చెప్పినదంతయు భూస్వామి తన కౌలుదారుని విషయమున తలపోసికొనవలెను. జనుమో జీలుగయో వేసిన కౌలుదారునకు శిస్తులో కొంత తగ్గించుటగాని, మూడేండ్లు చేను మార్చనని మాట ఇచ్చుటగాని చేసిన భూస్వాములు కొందరు కలరు. వారి చేల మట్టిని పారతో తీసి చూచిన తేడా చేతికి తెలియును.

రానున్న ఊడ్పులకు ముందుగా ప్రతి సభ్యుడును మేస్త్రీతోను, మందు కొట్టువానితోను, యంత్రపు యజమానితోను చేయు బేరమును ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది. కూలి ఎంత అనుటయే కాక, బాటలకెంత, పురుగు చూచుటకెంత, మోడు ఎత్తెంత, డబ్బాలు ఎక్కడ పూడ్చవలెను అను నాలుగు మాటలు అందుండవలెను. చదువురానివారికి ఆ కాగితమును చదివి వినిపించి, వారేమందురో వినవలెను. గొట్టమునకు చిల్లులు పొడుచుటకు ఇంట నున్న మేకును నిప్పులో కాల్చిన చాలును. వ్రేలి వెడల్పు దూరమున వరుసలుగా పొడిచి, మట్టి లోనికి రాకుండ క్రిందిభాగమునకు గోనెగుడ్డ చుట్టి కట్టవలెను.